వాన పేజీ

ఆ పొద్దున ఆకాశంలో మబ్బు తునక లేదు. పడమటి నుంచి పొడిగాలి తోలుతోంది. మిరపకాయలు ఆరబోసుకునేవాళ్ళకి అంతకన్నా మంచి ఆకాశం ఉండదు. ఊరి చివర, పంచాయతీ ఆఫీసు వెనకున్న కల్లాల్లో మొదటి కోత కాయలు పరిచి, ఎండ అన్నివైపులా తగిలేట్టు కాళ్ళతో చాళ్ళు తీస్తా తిరుగుతున్నాం. అప్పుడొచ్చింది జీపు.

జీపులోంచి ముందు ఒక గాజుపెట్టె దిగింది. దాని వెనక కులశేఖరం గారు దిగారు. తాను జిల్లా నిదాన పఠనాధికారినని చెప్పారు. అట్లాంటి ఉద్యోగం ఒకటుందని మాకు తెలియదు. కిందటి నెలదాకా తనకీ తెలియదని ఆయన ముఖమే చెబుతోంది.

"ఆత్మీయ పౌరులారా!" అన్నారు.

మేం ఒకసారి వెనక్కి తిరిగి చూశాం. వెనక ఎవరూ లేరు. అంటే మమ్మల్నే.

"ఆధునిక మానవుడు ఆత్రానికి బానిస. ఆత్రమే సకల అనర్థాలకు మూలకారణమని ప్రభుత్వం నిర్ద్వంద్వంగా గుర్తించింది. తత్కారణంగా నిదాన పఠన ఉద్యమం ప్రారంభించడమైనది."

ఉద్యమాన్ని కూడా ప్రభుత్వమే ప్రారంభించడం బాగుంది. మాకు ఆ శ్రమ తప్పింది.

సంగతేమిటంటే, రాజధానిలో ఒక పెద్దాయన ఎక్కడో విన్నారట. పై దేశాల్లో చదువుకున్నవాళ్ళు ఎప్పటిదో ఒక సైన్సు నవల పట్టుకుని, రోజుకి కాస్త చొప్పున, మందు మింగినట్టు చదువుకుంటున్నారని, దానివల్ల వాళ్ళ మనసులు కుదుటపడుతున్నాయని. వాళ్ళు ఇష్టపడి చదువుతున్నారన్న ముక్క మాత్రం ఆయన దాకా వచ్చేలోగా దారిలో ఎక్కడో జారిపోయింది. మిగిలినదంతా ఉత్తర్వు అయింది.

గాజుపెట్టెలో ఉన్నది ఆ నవల. పేరు 'నీరెరుగని నేల'. భూమి పాడైపోతే కొంతమంది ఒక పెద్ద రాకెట్టు ఎక్కి, దూరాన ఎక్కడో ఎర్రటి గోళం మీద దిగుతారు. అక్కడ సృష్టి మొదలుకుని వాన పడలేదు. రోజూ పొద్దున పంచాయతీ ఆఫీసు మీది మైకులో ఒక్క పేజీ చదవాలి. జిల్లా అంతా ఒకే రోజు ఒకే పేజీ. చదివాక పుస్తకం పెట్టెలో, పెట్టెకి తాళం, తాళం చెవి సర్పంచి హనిమిరెడ్డి మొలతాడుకి.

చదవడానికి ఏసుపాదాన్ని పెట్టారు. అతను గ్రంథాలయంలో పనిచేస్తాడు, ఆదివారాలు చర్చిలో వాక్యం చదువుతాడు. ఊళ్ళో అంత మంచి గొంతు ఇంకొకరికి లేదు.

"అయ్యా, మాట సగంలో పేజీ అయిపోతేనో?" అడిగాడు ఏసుపాదం.

"సగంలోనే ఆపాలి. ఆ ఆపడమే సంయమనం."

"సెలవు రోజుల్లో?"

"సెలవు రోజుల్లో ఉద్యమం ఉండదు."

అట్లా మొదలైంది. మొదటి వారంలోనే 'కెప్టెన్ తలుపు తెరిచి' అన్నచోట పేజీ అయిపోయింది. మర్నాడు రెండో శనివారం. ఆ మర్నాడు ఆదివారం. సోమవారం ఏదో పండగ. పాపం ఆ కెప్టెను తలుపు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"లోపలికి దుమ్ము పోద్ది గదా, ఎవురన్నా మూయండయ్యా," అంది చెంచమ్మక్క.

చెంచమ్మక్క కల్లం నా కల్లం పక్కనే. ఆమెది కౌలు చేను. భర్త పోయినాక ఆ చేనే ఆమెకి మొగుడూ బిడ్డా. ఈ ఏడు పంట సరిగ్గా చేతికొస్తే కౌలు చెల్లించి చేను మళ్ళీ తనకే ఉంచుకుంటుంది. రాకపోతే ఇంకొకరు దున్నుతారు. చేను గల ఆసామి ఆ మాట ముందే తెగేసి చెప్పాడు. మొదటి కోత డబ్బులు కూలీలకీ మందులకీ పోయినాయి. ఇక ఆమె ఆశంతా రెండో కోత మీదే.

నిజం చెప్పాలంటే నవల మాకు నచ్చింది. అదొక్కటే ఆ పథకంలో అనుకోకుండా జరిగిన మంచి. కాయకి తొడాలు తీస్తా, ఎండకి తిరగేస్తా వినేవాళ్ళం. ఏసుపాదం చర్చిలో చదివినట్టే సాగదీసి చదివేవాడు. పేజీ అయిపోగానే ఒకరిద్దరు 'ఆమెన్' అనేసి నాలిక కరుచుకునేవాళ్ళు.

"రాకెట్టు చేతిలో పెట్టుకుని, ఏరి కోరి నీళ్ళు లేని చోట దిగటమేందయ్యా?" అనేవాడు హనిమిరెడ్డి.

"మీ తాత ఈ ఊళ్ళో దిగలా? అట్టాగే," అనేది చెంచమ్మక్క.

నవలలో నీళ్ళు తగ్గిపోతా వచ్చినాయి. అందరికీ గుక్కెడు చొప్పున కొలిచి పోస్తున్నారు. ఒకరోజు టీ కొట్టు దగ్గర చెంచమ్మక్క అంది: "ఆ కెప్టెను నీళ్ళు దాచాడు. రేపో ఎల్లుండో దొరికిపోతాడు చూడండి."

రెండు రోజులకి దొరికాడు. కెప్టెను మంచం కింద పీపా బయటపడింది.

ఆ సాయంత్రానికే జీపు వచ్చింది. టీ కొట్టు మాట జిల్లా దాకా ఎట్లా పోయిందో ఎవరికీ తెలియదు. మా ఊళ్ళో రోడ్డు సరిగా లేకపోయినా మాట బాగా ప్రయాణం చేస్తుంది.

"ఎవరా ముందు చదివింది?" అన్నారు కులశేఖరం గారు. "పెట్టె తాళం ఎవరు తీశారు?"

"ఎవురూ తియ్యలా సారూ," అంది చెంచమ్మక్క. "అందరికీ నోరు పిడచగట్టి అల్లాడతంటే, ఆయనొక్కడే మాటిమాటికీ చాటుకి పోతన్నాడు గదా. తాగకుండా ఎట్టా పోతాడు?"

జనం నవ్వారు. కులశేఖరం గారు నవ్వలేదు. ఆయన చెమట తుడుచుకున్నారు.

"అమ్మా, మీరు చేసిన పని తీవ్రత మీకు అర్థమవుతున్నట్టు లేదు. ఈ నవలలోని ఆశ్చర్యం యావత్తూ ప్రభుత్వ ఆస్తి. దాన్ని మీరు రెండు రోజులు ముందుగా వాడేశారు. మీతోపాటు టీ తాగినవారందరిచేతా వాడించారు."

మర్నాడు మైకులో పేజీ కంటే ముందు ఉత్తర్వు చదివారు. ముందు ఏం జరుగుతుందో ఎవరూ అనరాదు. దీని పేరు ముందస్తు ప్రస్తావన నిషేధం. అన్నవాళ్ళకి పంచాయతీ నుంచి ఏ పత్రమూ, ఏ కార్డూ ఇవ్వబడదు, ఉన్నది రద్దవుతుంది. కౌలురైతు కార్డు కూడా. చెప్పిన మాట విని ఆశ్చర్యం చెడకుండా కాపాడుకున్న ఊరికి సిమెంటు రోడ్డు.

రోడ్డు అనగానే హనిమిరెడ్డి నిటారుగా అయ్యాడు. ఆయన మూడు ఎలక్షన్లు ఆ రోడ్డు మీదే గెలిచాడు, అది పడకుండానే.

"నవల గురించేగా సారూ? మిగతా ఊసులు చెప్పుకోవచ్చుగా?" అని అడిగాడు.

"ముందుచూపు ఒక దురలవాటు సర్పంచ్ గారూ. చేలో మొదలైతే ఊళ్ళోకి వస్తుంది. ఊళ్ళోకి వస్తే నవలలోకి వస్తుంది. మూలచ్ఛేదం చేయవలసిందే."

చేశారు. బడిలో పరీక్షల తేదీలు చెప్పడం ఆగిపోయింది. పిల్లలు రోజూ పెన్నూ పలకా రెండూ పట్టుకెళ్ళేవాళ్ళు. ఆసుపత్రి నర్సమ్మ కడుపుతో ఉన్నవాళ్ళకి నెలలు నిండేది ఎప్పుడో చెప్పడం మానేసి, "అయినప్పుడు అవుద్ది, కంగారు పడమాక," అనేది. బస్సు ముందు అద్దం మీద ఊరి పేరు ఉంటే అది పోబోయే ఊరు కదా అని బోర్డు తీయించారు. ఎక్కినవాళ్ళు దిగినాకే తాము ఎక్కడికి వచ్చిందీ తెలుసుకునేవాళ్ళు. మా మేనమామ పెద్దాసుపత్రికని ఎక్కి, ఎవరిదో పెళ్ళిలో దిగి, భోంచేసి వచ్చాడు. ఆరోగ్యం కుదుటపడిందనే చెప్పాడు.

పంచాంగం చెప్పే ఆయనకి ఒక్కడికే మినహాయింపు దొరికింది. ఆయన చెప్పింది ఎప్పుడూ జరగలేదని ఊరంతా సాక్ష్యం చెప్పింది.

నాకు పెద్ద ఇబ్బంది కాలేదు. నేను మొదటి నుంచీ ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాదు. మాట్లాడేవాళ్ళు నా దగ్గరికి వచ్చి కూర్చునేవాళ్ళు, ఇద్దరం కలిసి ఏమీ అనుకునేవాళ్ళం కాదు.

రెండో కోత కాయలు కల్లాలకి చేరాయి. చెంచమ్మక్క కాయ ఎట్లా ఉందంటే, ఎదురెండలో చూస్తే కళ్ళు నొచ్చేంత ఎరుపు. ఘాటుకి కల్లం దరిదాపుల్లో కుక్క కూడా పడుకునేది కాదు. పగలు పరచడం, సందెవేళ కుప్పజేసి టార్పాలిన్ పట్టాలు కప్పడం. మిరపకాయకి కల్లంలో ఉన్నన్నాళ్ళూ పసిబిడ్డ కింద లెక్క. కాయ గలగలమంటోంది. ఇక బస్తాలకి ఎత్తడమే.

అప్పుడు కులశేఖరం గారు మళ్ళీ వచ్చారు. ఈసారి రెండు జీపులు. జీపు దిగి, కల్లాల వైపు చూసి, రెండు చేతులూ జోడించారు.

"అద్భుతం! సాక్షాత్తూ ఆ ఎర్ర గోళమే!"

నవలలో ఒక విశేష పేజీ రాబోతోందట. జిల్లాలో ఆ పేజీని ఒక్క మా ఊళ్ళోనే బహిరంగ సభగా చదువుతారట. రాజధాని పెద్దాయన స్వయంగా వస్తారట. వెనక గోళంలా కనిపించడానికి మా కల్లాలు కావాలట.

"ఆ పేజీలో ఏముంది సారూ?" అన్నాడు హనిమిరెడ్డి.

"అది చెప్పడం నిషేధం."

"మరి తమరికి ఎట్టా తెలిసింది?"

"అధికార హోదాలో తెలుసుకున్నది తెలుసుకోవడం కిందికి రాదు."

ఆ పేజీలో ఏముందో మేం అడగనక్కర్లేకపోయింది. మర్నాడు ఫైరింజను వచ్చి పంచాయతీ ఆఫీసు పక్కన ఆగింది. దాని గొట్టం మేడ మీదికి ఎక్కించి, మూతి సభకి వేస్తున్న వేదిక ముందు ఖాళీ జాగా వైపు తిప్పి కట్టారు. నీళ్ళు చూడని గోళం, పై నుంచి నీళ్ళు పోసే గొట్టం. టీ కొట్టు దగ్గర అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. టీ తాగి లేచాం.

తర్వాత షామియానా. పెద్దాయనకి ఎండ తగలకూడదు. బట్టల షామియానా గాలికి నిలవదన్నారు. మా కల్లాల్లో పట్టాలు ఉన్నాయి కదా అన్నారు. హనిమిరెడ్డి మనుషులు వచ్చి పట్టాలన్నీ పట్టుకుపోయి వేదిక మీదా కుర్చీల మీదా కట్టారు.

"సారూ, కాయ బస్తాలకి ఎత్తుకుంటాం. ఎండింది," అంది చెంచమ్మక్క.

"ఎత్తితే గోళం ఏదమ్మా? సభ అయ్యేదాకా పరిచిన కాయ పరిచినట్టే ఉండాలి."

"పట్టాలన్నా ఇయ్యండి."

"అమ్మా, మీకు మిరపకాయ ఒక్కటే కనబడుతోంది. నాకు సాహిత్యం కనబడుతోంది."

చెంచమ్మక్క నా వైపు చూసింది. నేను హనిమిరెడ్డి వైపు చూశాను. హనిమిరెడ్డి రోడ్డు పడాల్సిన చోటు వైపు చూస్తున్నాడు.

సభకి ముందురోజు పొద్దున్నే గాలి ఆగిపోయింది. కల్లంలో మనిషికి ఉక్కపోసింది. దక్షిణాన మబ్బు లేచింది. మొదట గొర్రెమంద దుమ్ములా ఉంది, కాసేపటికి పొయ్యి మీది మంగలంలా నల్లబడింది. అది ఏమిటో ఊళ్ళో పాలు తాగే బిడ్డకి కూడా తెలుసు. దాన్ని గురించి ఏమన్నా అనొచ్చా అన్నదే తెలియలేదు.

"నిన్న ఆకాశం ఇట్టా లేదు," అన్నాడు ఒకడు, జాగ్రత్తగా.

"లేదు. మొన్నా లేదు," అన్నాడు ఇంకొకడు.

"పోయినేడు ఇట్టా ఉన్నప్పుడు మా కాయ తడిసింది."

"అది పోయినేటి మాట. అనొచ్చు."

అంతవరకే. అక్కణ్ణించి ముందుకి ఒక్క మాట ఎవరి నోటా రాలేదు.

చెంచమ్మక్క పంచాయతీ ఆఫీసుకి పరిగెత్తింది. నేనూ వెనకే పోయాను. ఏసుపాదం అప్పుడే ఆ రోజు పేజీ చదివి మైకు చేతిలో పట్టుకుని ఉన్నాడు. రెండో చేతిలో ఫోను. ఫోనులో వాతావరణం వాళ్ళ మెసేజీ వెలుగుతోంది.

"ఏసుపాదం, మైకులో ఒక్క ముక్క చెప్పయ్యా. జనం చేలల్లో ఉన్నారు. వచ్చి కాయ ఎత్తుకుంటారు."

అతను ఫోను చూశాడు. చొక్కా జేబులో వేసుకున్నాడు.

"పేజీలో లేంది చదవగూడదక్కా."

"చదవమనలా. చెప్పమన్నా."

"నాది పర్మినెంటు ఉద్యోగం కాదక్కా."

ఆమె లోపలికి పోయింది. లోపల కులశేఖరం గారు కుర్చీలకి బట్టలు తొడిగిస్తున్నారు.

"సారూ, కాయ ఎత్తుకోనియ్యండి."

"ఎందుకు?"

ఆమె చెయ్యెత్తి కిటికీలోంచి దక్షిణం చూపించింది. ఆయన ఆ వేపు చూశారు. చూసి, కిటికీ రెక్క వేశారు.

"మీరు చెప్పబోతున్నది జరిగిందా?"

"ఇంకా లేదు."

"జరగనిది చెప్పడమే గదా నిషేధం?"

"జరిగినాక చెప్తే ఏం లాభం సారూ?"

"జరిగాక చెబితే అది చరిత్ర. దానికి వేరే శాఖ ఉంది."

"మీ కాళ్ళు పట్టుకుంటా. ఆ కాయ పోతే నా చేను పోద్ది."

"పోతే అన్నారు. పోద్ది అన్నారు." ఆయన గొంతు నిజంగానే నొచ్చుకున్నట్టుంది. "ఒక్క శ్వాసలో రెండు ముందస్తు ప్రస్తావనలు. మీరు ఆడమనిషి కాబట్టి నేను విననట్టే ఊరుకుంటున్నాను."

మేం బయటికి వచ్చేసరికి కల్లాల దగ్గర హోంగార్డు నిలబడి ఉన్నాడు. గోళాన్ని ఎవరూ కదిలించకుండా.

మధ్యాహ్నం అన్నాల వేళకి పడింది. మొదట గాలి దుమారం, వెంటనే చినుకు, ఆ వెంటనే కుండపోత. హోంగార్డు షామియానా కిందికి పరిగెత్తాడు. మేం కల్లాలకి పరిగెత్తాం. కప్పడానికి ఏమీ లేదు. చెంచమ్మక్క ఇంట్లో ఉన్న చీరలన్నీ, దుప్పట్లన్నీ, చివరికి మంచం మీది బొంతా తెచ్చి కాయ మీద పరిచింది. బొంత రెండు నిమిషాలకి నానిపోయింది. కాయలు చీరల కిందనుంచి తేలి, ఒకదాన్నొకటి నెట్టుకుంటా వాగు వైపు పారడం మొదలుపెట్టినాయి. గంపలతో ఎత్తాం. చేతులతో ఎత్తాం. ఏసుపాదం కూడా వచ్చి ఎత్తాడు. ఎత్తినచోటికి మళ్ళీ నీళ్ళే వచ్చాయి. నీళ్ళు ఎర్రగా పారినాయి. చేతులకి అంటిన కారం కళ్ళలో పడితే తుడుచుకునే తీరిక లేదు.

అవతల షామియానా కింద మా పట్టాలు గట్టిగా నిలబడ్డాయి. ఒక్క కుర్చీ తడవలేదు.

వాన వెలిశాక కులశేఖరం గారు గొడుగు వేసుకుని వచ్చారు. పాలిపోయి ఉన్నారు. మా కాయ చూసి అనుకున్నాం.

"పొక్కింది!" అన్నారు. "పేజీ బయటికి పొక్కింది!"

మాకు అర్థం కాలేదు.

"రేపు చదవాల్సిన పేజీలో జరగాల్సింది ఇవాళే జరిగిపోయింది. ఒక్క రోజు! ఒక్క రోజు ఆగితే ఏం పోయింది? ఇంతమంది ఎదుట, అనుమతి లేకుండా, బహిరంగంగా!" ఆయన ఆకాశం వైపు చూసి తల తిప్పేసుకున్నారు, మాట తప్పిన మనిషిని చూసినట్టు. ఫోను తీసి పై అధికారికి చెప్పారు: "సర్, ఆశ్చర్యం తడిసిపోయింది సర్."

అవతలి నుంచి ఏమన్నారో వినపడలేదు. వాగు పొంగి రోడ్డు తెగిందని, పెద్దాయన రాలేరని అన్నట్టుంది. సభ మాత్రం జరిపి తీరాలట. ఫైరింజనుకి డబ్బు మంజూరైపోయింది.

చెంచమ్మక్క బురద చేతులతోనే ఆయన ముందు నిలబడింది.

"సారూ, నష్టపరిహారం ఇప్పించండి."

"తప్పకుండా. ప్రభుత్వం మానవీయమైనది. ఒక్క ప్రశ్న. ఈ నష్టాన్ని మీరు ముందుగా ఊహించారా?"

"ఊహించా. తమరికి చెప్పబోయా గదా."

"ఊహించి చెప్పబోయానంటే నిషేధ ఉల్లంఘన. కౌలు కార్డు రద్దవుతుంది. కార్డు లేనివారికి పరిహారం లేదు."

"అయితే ఊహించలా."

"ఊహించలేదంటే అజాగ్రత్త. అజాగ్రత్తకి పరిహారం లేదు."

"మరి ఊహించి, నోరు మూసుకున్నవాళ్ళకో?"

"అది ఆదర్శ ప్రవర్తన," అన్నారు కులశేఖరం గారు. "అటువంటివారికి ప్రశంసాపత్రం ఉంది."

మేమందరం ఆ పత్రానికి అర్హులమే. ఎవరం అడగలేదు.

సాయంత్రం ఆసామి మనిషి వచ్చి, వచ్చే ఏడు చేను వేరేవాళ్ళకి ఇచ్చినట్టు చెప్పి పోయాడు. అది ముందస్తు మాటే. నిషేధం ఆయనకి వర్తించలేదు.

మర్నాడు ఎండ కాసింది. కాయలో మిగిలినది మళ్ళీ పరుచుకున్నాం. ఎరుపు పోయి, సున్నం కొట్టినట్టు తెల్లబడిన కాయ. అక్కడక్కడా నల్లమచ్చ. మేం దాన్ని తాలు అంటాం. కొనేవాడు కాలితో తన్ని ధర చెప్పే రకం.

సభకి రమ్మని మైకులో పిలిచారు. కౌలు కార్డులున్నవాళ్ళందరం పోయి బురదలో నిలబడ్డాం. పేజీకి ముందు కులశేఖరం గారు మాకు ఆశ్చర్యం నేర్పారు. ఫొటో రాజధానికి పోవాలట.

"కనుబొమలు పైకి. ఇంకా పైకి. నోరు తెరవండి. వెనక వరసలో అమ్మా, ఏడుస్తున్నట్టు కాదు, ఆనందంగా! సర్పంచ్ గారిని చూడండి, ఆయనలా!"

హనిమిరెడ్డి బాగా తెరిచాడు.

ఏసుపాదం పేజీ తీశాడు. ఆ గోళం మీద మొట్టమొదటి చినుకు పడుతోంది. అది ఏమిటో వాళ్ళకి తెలియదు. ఒక ముసలామె చెయ్యి మీద పడితే చెమట అనుకుంటుంది. రెండోది పెదవి మీద పడితే నాలికతో చూస్తుంది. తర్వాత అందరూ గుడారాల్లోంచి బయటికి వస్తారు. గిన్నెలు పట్టుకుని కొందరు, చెప్పులు పట్టుకుని కొందరు. చేతిలో ఏమీ లేనివాళ్ళు దోసిళ్ళు పడతారు.

మంచి పేజీ అది. రాసినవాడెవడో గాని దాహం తెలిసినవాడు. వేరే ఎప్పుడైనా విని ఉంటే మా రోమాలు నిక్కబొడుచుకునేవి.

'వాన' అన్న మాట దగ్గర ఏసుపాదం ఆగాడు. రెండుసార్లు దగ్గి మళ్ళీ అందుకున్నాడు. ఈలోగా కులశేఖరం గారు సైగ చేశారు. ఫైరింజను గుర్రుమంది. మేడ మీది నుంచి నీళ్ళు మా నెత్తిన పడ్డాయి. బురదలో నిలబడి, నోళ్ళు తెరుచుకుని, కనుబొమలు పైకెత్తి తడిశాం. ఫొటోలు తీశారు.

"అప్పుడు వాళ్ళందరూ ఆకాశం వైపు చేతులెత్తి..." అన్నచోట పేజీ అయిపోయింది.

ఎవరూ ఆమెన్ అనలేదు.

"పేజీ మనసులో ఇంకేదాకా మౌనం పాటించవలెను," అన్నారు కులశేఖరం గారు. "సాయంత్రం దాకా ఎవరూ మాట్లాడరాదు. నాతో సహా." ఆయన కర్తవ్యం తెలిసినవారు. అక్కడే నోరు మూసుకున్నారు.

జనం తడిబట్టలతో ఇళ్ళకి పోయారు. కులశేఖరం గారికి పోవడానికి దారి లేదు. వాగు ఇంకా తగ్గలేదు. సభకని చెప్పిన విందు వ్యాను వాగు అవతలే ఆగిపోయింది. ఇవతలి గట్టు నుంచి దాన్ని ఆయన కాసేపు చూసి వచ్చారు. పంచాయతీ అరుగు మీద కూర్చున్నారు. పొద్దు నడినెత్తి దాటింది.

చెంచమ్మక్క ఇల్లు ఆఫీసు ఎదురుగానే. అన్నం వేళకి గడప ముందు కూర్చున్న మనిషిని విడిచి అన్నం తినడం మా ఊళ్ళో ఎవరికీ చేతకాదు, ఆ మనిషి ఎవరైనా సరే. ఆమె గుమ్మంలోకి వచ్చి చెయ్యి ఊపింది. ఆయన లేచారు. ఆయనతో హనిమిరెడ్డి లేచాడు. మైకు తీగ చుట్టుకుంటున్న ఏసుపాదాన్నీ పిలిచింది. అతను రానన్నట్టు తల ఊపాడు. ఆమె నిలబడే ఉంది. వచ్చాడు. నేను ఆమె కాయ తిరగేసి అప్పుడే వచ్చాను. నలుగురం చాప మీద కూర్చున్నాం.

వేడన్నం పెట్టింది. పక్కన ఎండుమిరపకాయల పచ్చడి వేసింది. కోత కాయ ఎండి చేతికొచ్చినప్పుడల్లా ఆ కాయతో పచ్చడి దంచి నలుగురికీ పెట్టడం మా వైపు రివాజు. ఆమె రివాజు తప్పలేదు. మాతోపాటే తనూ కంచం పెట్టుకుని కూర్చుంది.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని హనిమిరెడ్డి ఆగిపోయాడు. ఏసుపాదం తల దించుకున్నాడు. నేను నమిలాను. చింతపండు పులుపు ఉంది, ఉప్పు ఉంది, వెల్లుల్లి ఉంది. కారం లేదు. మా నేల కాయ, మా ఊరి రోలు, ముద్దలో ఎంత వెతికినా కారం లేదు. చెంచమ్మక్క కూడా తింటోంది.

కులశేఖరం గారు ముద్ద మీద ముద్ద తిన్నారు. చెమట పట్టలేదు. నీళ్ళ గ్లాసు ముట్టుకోలేదు. అన్నం సగంలో ఉండగానే పచ్చడి అయిపోయింది. ఆయన కంచం ముందుకి జరిపి, గిన్నె వైపు వేలు చూపించి, బాగుందన్నట్టు తల ఊపారు.

చెంచమ్మక్క గిన్నె ఎత్తి ఆయన కంచంలో రెండు గరిటెలు వేసింది. తర్వాత వరసగా మా అందరికీ వేసింది. తిన్నాం.